ముప్పై మీటర్లకో చుక్క

మొదట నది ఎక్కింది.
ఎండల్లో కదలకుండా పడుండి
కార్తీకంలో ఎవరి మాటా వినని అడయారు
నా తెరమీద రన్‌వే అంచు పట్టుకుని
పిల్లి గోడెక్కినట్టు ఎక్కి
అవతలి పక్కకి దిగిపోయింది.
కింద వంతెన ఉందని ఉపగ్రహానికి ఎవరూ చెప్పలేదు.
ముప్పై మీటర్లకో ఎత్తు, మధ్యలో ఊహ.
ఆ ఊహ మీద నా విమానం
మొన్నటిదాకా తడిచక్రాలతో దిగింది.

తర్వాత ఇళ్లు.
పల్లావరమంతా ఏటవాలు ఎర్ర పెంకులు,
పొగగొట్టాలు!
మంచు పడితే జారిపోవడానికట.
ఎవరో చలిదేశంవాడు గీసిన ఒక్క ఇంటిని
లక్షసార్లు అచ్చుగుద్ది
మా క్రోంపేట దాకా చల్లేశారు.
అన్నీ పీకేశాను. డాబాలు పెట్టాను.
డాబాల మీద నల్ల ట్యాంకులు,
సగంలో ఆగిన మెట్లగది,
స్తంభాల్లోంచి పొడుచుకొచ్చిన చువ్వలు.
ఇంకో అంతస్తు వేస్తామన్న ఆశది తుప్పు రంగు.
ఆ రంగు కుదరడానికి రెండు రాత్రులు పట్టింది.

నీడలతో పేచీ.
ఫోటో తీసింది పొద్దున పదిన్నరకి.
నేను సాయంత్రం ఆరింటికి ఎగిరినా
ఇళ్ల నీడలు పడమరకే పడి ఉన్నాయి,
షిఫ్టు మారిందని ఎవరూ చెప్పని కాపలావాళ్లలా.
తుడవడం నేర్చుకున్నాను.
తుడిస్తే కింద ఏముంటుందో
ఫోటోకీ తెలీదు.
అందుకని ఆదివారాలు స్కూటరేసుకుని
సందు సందుకీ వెళ్లి రాసుకొచ్చాను:
చేతిపంపు, ఇస్త్రీబండి, పడుకున్న మేక.
వెయ్యి అడుగుల ఎత్తునించి మేకని ఎవడు చూస్తాడు?
పెట్టాను.

కొండ దగ్గర ఓడిపోయాను.
కింది వాటా ఓబులమ్మ
కరెంటు బిల్లు చదివించుకోడానికొచ్చి
నా భుజం మీదుగా తొంగిచూసి
"ఇదేం కొండబ్బా, బోర్లించిన గంప లాగుంది.
గుంత యాడ?" అంది.
ఏ గుంత అని అడిగాను.
అడగకుండా ఉండాల్సింది.

వాళ్లది రాయి కొట్టే ఇల్లు.
ఉదయగిరి దిక్కునించి వాళ్ల తాత
సమ్మెటతో పాటు తెలుగునీ భుజానేసుకొచ్చాడు.
ఓబులమ్మ తెరమీద వేలు పెట్టింది.
ఇక్కడ మందు పెట్టేది. ఇక్కడ ఎర్రజెండా.
ఇక్కడ మా పెద్దోడు అన్నం మూట పోగొట్టుకున్నాడు.
వేలు ఆగినచోటల్లా నేల దించుతూ పోయాను,
పది, ఇరవై, నలభై మీటర్లు.
"ఇంకా."
నీకెలా తెలుసమ్మా అంత కచ్చితంగా?
"తలమీద తట్ట ఉంటే మెట్టు లెక్క తప్పుతుందా?"

అడుగున పచ్చటి నీళ్లు పోశాను.
చాలాసేపు చూసింది.
"బాగుంది గానీ, దుమ్మేది?"
దుమ్ము వేస్తే బరువమ్మా,
కంప్యూటరు ఆయాసపడుతుంది.
"మాకూ అంతే" అంది,
బిల్లు మడిచి నడుముకి దోపుకుంటూ.

వేశాను.
ఇప్పుడు ఆ కొండ దగ్గరికి రాగానే
అరవై ఫ్రేములు ఇరవైరెండుకి పడిపోతాయి,
రెక్క తునకలు తునకలుగా వాలుతుంది.
సెట్టింగుల్లో తగ్గించుకోవచ్చు.
తగ్గించలేదు.

ఇంతలో నిజం విమానమొకటి
కిటికీ అద్దాలు అదరగొడుతూ మా డాబా మీదుగా దిగింది.
ఏ తడబాటూ లేదు దానికి.
నేను మళ్లీ ఆ సందులోకి వంగాను.
సాయంత్రం ఆరయింది, మేక ఇంకా పడుకునే ఉంది,
దాని నీడని తూర్పుకి తిప్పాలి.