సాదా

"పూవు వద్దు, గీత వద్దు, అంచు గూడ వద్దు,
మొత్తం ఒక్కటే రంగుండాలె" అనుకుంట
టీచరమ్మ చేతులతోని గాలిని తుడుస్తుంటే
సాదానా, అన్న.
ఔ, గదే, అన్నది.
అంత పొడుగు ముచ్చట గింతదైపోయింది.

చౌటుప్పల్ల ఈ దుకాణంల
ఇరవై రెండేండ్ల సంది కొలిచి కోస్తున్న.
తానులు అయిపోతయి గని
గీ మాట కొస మాత్రం దొరకదు.

కర్రె బర్రెను సాదా అనరు.
దేవరకొండ అంగట్ల మైసమ్మకని మేకను కొనేటోళ్లు
చెవుల ఎన్క, కడుపు కింద, కాళ్ల సందుల
టార్చి పట్టి ఒక్క తెల్ల ఎంటిక కోసం దేవులాడ్తరు.
దొరకకుంటే "నిక్కం కర్రె" అంటరు,
సాదా మేక అన్నోణ్ని నేనైతే జూడలే.
మొగులును అనరు. చెల్క మన్నును అనరు.
రాచకొండ గుట్టల్ని ఎవడంటడు?
పూవు ఎయ్యచ్చు, ఎయ్యలే.
గట్ల మనిషి చెయ్యి ఆగిన కాడనే
ఈ మాట వచ్చి కూసుంటది.

చాయ్‌ల ఇలాచి ఎయ్యకుంటే సాదా.
పాన్‌ల జర్దా ఎయ్యకుంటే సాదా.
కాయితం మీద ముద్ర ఎయ్యకుంటే
సాదా బైనామా.
మా నాయిన ఇరవై గుంటలు కొన్నది గసొంటి కాయితం మీదనే.
నాలుగు ఏలిముద్రలు, ఒక సాక్షి సంతకం,
ఆ సాక్షి ఎంకట్నర్సు ఇప్పుడు లేడు.
ఆఫీసుల సారు దాన్ని ఎలుగుకు పట్టి
అటు దిప్పిండు, ఇటు దిప్పిండు,
ఈ టీచరమ్మ ఇప్పుడు బట్టను దిప్పినట్టే.

నాయిన పేరు చిలివేరు రామనర్సు. పుట్టపాక.
ఆయన చిటికి కట్టి, రంగుల ముంచి, ముడి ఇప్పితే
రంగంటని కాడ ఏనుగు నిలవడేది.
కండ్లల్ల పొర వచ్చినంక
సేటు ఒక్క రంగు నూలే పంపుడు వెట్టిండు.
కుంకుమ రంగు. మజూరి సగం.
"సాదా అంటే అలకనుకున్నవారా" అనేటోడు
మగ్గం గుంతల కాళ్లాడిచ్చుకుంట,
"ఏనుగుంటే తెగిన పోగు దాని కడుపుల దాసుకుంటది.
దీంట్ల యాడ దాసుదు?"

ఎయ్యగలిగి ఎయ్యనిది సాదా అంటున్న గద నేను,
మరి ఎయ్యలేక ఎయ్యనిదాన్ని ఏమనాలె?
ఒకపారి అమ్మను అడిగిన.
కండెలు చుట్టుడు ఆపకుంటనే
"పొద్దంత గా ఎరుపే జూసి జూసి
తలెత్తితే సున్నం గోడ మీద
ఆకురంగు మచ్చలు ఉరుకుతున్నయి కొడుకా" అన్నది.
అది జవాబో, కాదో.

టీచరమ్మ బట్టను గడప దాటిచ్చి ఎండకు తీస్కపోయింది.
లోపట వంకాయ రంగు, బయట నేరేడు పండు.
"దీంట్ల రెండు రంగులున్నయి గద."
లేదమ్మ, ఒక్కటే.
"మడత కాడ జూడుండ్రి."
జూసిన.
మడత మీద ఎండ వడ్డది,
లోపట పడలే.

రెండున్నర మీటర్లు, అన్నది ఆఖరికి.
కొలిచిన.
జానెడు ఎక్కువనే కోసిన.