నీలి వేలిముద్ర

రాయదుర్గం జీన్సు షెడ్లలో
బొటనవేలికి సిరాపెట్టె అక్కర్లేదు.
బ్యాంకుకు పోయి అదిమితే చాలు,
గుడ్డరంగే దిగుతుంది కాగితం మీద.
తిప్పక్క నవ్వుతా చెప్పిన మాట ఇది.
నాకు నవ్వు రాలేదు.

నేను శాఖా గ్రంథాలయంలో పార్ట్‌టైం మనిషిని.
పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు.
పేపరు కోసం ఒక ముసలాయన,
ఫ్యాను కోసం ఒక పిల్లోడు,
బీరువాలో చెదలు.
ఊర్లో అందరికంటే ఎక్కువ చదివినవి అవే.

ఆడ పుస్తకాలున్నాయి, రాత్రి కరెంటు లేదు.
షెడ్డులో కరెంటుంది, పుస్తకాలు లేవు.
నడుమ రెండు సందులు, ఒక మురుక్కాలవ.
దాన్ని దాటడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

షెడ్డు విఠోబరావుది.
అడిగితే ముందు మిషన్ల వంక చూసినాడు,
తర్వాత మీటరు వంక.
"ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పదికి ఆపేయాల.
దారపుండ ఒక్కటి తగ్గినా నిన్నే అడుగుతా."
అంతే మా ఒప్పందం. సంతకాలు లేవు.

టీబండి గాదిలింగ గ్లాసులిచ్చినాడు,
చక్కెర మాత్రం మేమే తెచ్చుకోవాలంట.
బళ్లారి రూటు కండక్టరు సుంకన్న
టికెట్ల మిషను మెడలోనే ఉంచుకొని లెక్కలు చెప్పేవాడు:
"నూరిచ్చినావు, ఛార్జి అరవై రెండు, చిల్లర ఎంతప్పా?"
ఆయనకు నైట్ డ్యూటీ పడితే ఆ రోజు లెక్కలు లేవు.
తొమ్మిదో తరగతి షమీమ్ అక్షరాలు దిద్దించేది,
తన తల్లి వంతు వస్తే మాత్రం
సిగ్గుపడి పక్క బెంచీకి పోయేది.

పలకలు చాల్లేదు.
కట్టింగ్ మాస్టరు గుడ్డ మీద గీసే సుద్దముక్కతో
పాడైపోయిన ప్యాంటు కాళ్ల మీద అ ఆలు.
తప్పు రాస్తే దులిపితే పోతుంది.
'ణ' రాయలేక మస్తాన్‌బీ కండ్లనీళ్లు పెట్టుకుంది.
"జేబు కుట్టేదాని కంటే కష్టమామ్మీ ఇది?"
"జేబుకు మూలలుంటాయక్కా,
దీనికి యాడా ఒక్క మూల లేదు."

యాభై నాలుగేళ్లకు ఆ రాత్రి
తెలుగు అక్షరాన్ని నేను మొదటిసారి చూసినాను.

మార్గశిరంలో ఒక శనివారం, కూలి చీటీలిచ్చిన దినం.
మస్తాన్‌బీ తన చీటీని బల్ల మీద పరిచింది,
వేలు పెట్టి, పెదాలు కదుపుతా
"జి... జిప్పు... జిప్పులు... నూటా ఎనభై."
ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివింది.
"నేను వేసింది రెండు నూర్ల నాలుగు కదా?"

షెడ్డు ఇచ్చినాయన చేతిరాతే అది.
ఎవరూ గ్లాసు కింద పెట్టలేదు.

సోమవారం రాత్రి షెడ్డుకు తాళం.
గాదిలింగ బండి బల్బు కింద కూర్చున్నాం,
అక్షరాల మీద వాలే పురుగుల్ని దులుపుకుంటా.
కొందరు రాలేదు.
తిప్పక్కను మూడు రోజులు మొగుడు రానీలేదు.
"ఎందుకు చదివించినావప్పా, ఉన్న పనీ పాయె"
అని ఒకామె నా మొగం మీదే అనింది.
గ్రంథాలయంలో వెతికితే దొరికే జవాబు కాదు అది.

శుక్రవారం విఠోబరావు పనిపిల్లోనితో రెండు పంపించినాడు:
ఇరవై నాలుగు జిప్పుల కూలి, తాళంచెవి.
మాట పంపలేదు. మేమూ అడగలేదు.
సుంకన్న మాత్రం చిల్లర ఎంచి
"సరిపోయింది, రైట్" అన్నాడు
బస్సులో అన్నట్టే.

ఇప్పుడు బ్యాంకులో తిప్పక్క సంతకం పెడుతుంది.
'తి' మీది గుడి పెద్దదై గీతలు దాటి పోతుంది.
కాగితం అంచుకు నీలం అంటుతానే ఉంది,
చదువుతో పోయే రంగు కాదది.

రాత్రి తొమ్మిది దాటినాక విఠోబరావు వస్తాడు.
సర్కారు నోటీసును ఫోనులో ఎట్లా చదవాలో
షమీమ్ చెప్తాంటే
వాకిట్లో నిలబడి కట్టలు లెక్కబెడతాడు,
ఒకే కట్టను నాలుగుసార్లు.

నిన్న మస్తాన్‌బీ తల ఎత్తకుండానే
తన పక్కనున్న స్టూలును
కాలితో కొంచెం బయటికి జరిపింది.