ముందుకు వంగు

పెరంబూరు స్టేషన్లో ఆరూ నలభై లోకల్ కోసం నిలబడితే
ఊరంతా ఉక్కను తిడుతుంది.
నేను తిట్టను.
ఈ తడిగాలి నా ముక్కుకి పుట్టిల్లు.
నన్ను కోసేది ఆఫీసు ఏసీ,
మాఘమాసం తెల్లవారుజామున వీచే పొడిగాలి,
ఒక్కోసారి ఏమీ లేదు, ఊరికే.

ముందు గొంతు వెనకాల ఒక వెచ్చదనం.
తర్వాత ఉప్పూ తుప్పూ కలిసిన రుచి,
చిన్నప్పుడు కిటికీ ఊచను నాకినట్టు.
తర్వాత చున్నీ.

చుట్టూ జనం చేరతారు.
తల వెనక్కి వాల్చమ్మా అంటారు ఒకరు,
ఉల్లిపాయ వాసన చూపించండి అంటారు ఇంకొకరు.
వేడి చేసింది, సబ్జాగింజలు తాగు అంటూ
పూలమ్మే సెల్వి అక్క తన సీసాలో నీళ్ళు నా మాడు మీద పోస్తుంది.
ఒకసారి ఎవరో మూర్ఛ అనుకుని
నా పిడికిట్లో తాళాలగుత్తి పెట్టారు.
నెత్తురు ఆగాక చూసుకుంటే
ఏ ఇంటివో ఏడు తాళంచెవులు.
ఆయన రైలు వెళ్ళిపోయింది.
స్టేషన్ మాస్టరుకి అప్పగించి వచ్చాను,
ఒకదాని మీద నా వేలిముద్ర ఎర్రగా ఉండగానే.

నాయన ఆదికేశవులు కోచ్ ఫ్యాక్టరీలో రంగులేసేవాడు.
ఆయన చేతిగుడ్డలన్నీ ముదురు మెరూన్.
పెయింటు మరక కనబడకుండా అనుకునేవాళ్ళు తోటివాళ్ళు.
మాకు తెలుసు.
తాయారమ్మ అవ్వ పెదవుల మీద ఎర్రచుక్కలు చూసి
తాంబూలం భలే పండిందే అనేవారట వీధిలో.
అవ్వ వక్క కొరికి ఎరగదు.
నలభై ఒకటో ఏట ఎందుకు పోయిందో
ఏ కాగితం మీదా లేదు.
నెత్తురు చాలక, అన్నారు,
బియ్యం చాలక అన్నంత మామూలుగా.

మా ఇంటి ఆడపిల్లలకి ముక్కు కుట్టించరు.
పెళ్ళిలో అత్తగారు వెల్వెట్ డబ్బా తెరిచి
ఏడురాళ్ళ బేసరి చూపిస్తే
నాయన గబగబా బయటికి పోయి
కాఫీ వాళ్ళ మీద అరిచాడు.
అది ఇప్పుడు లాకర్లో ఉంది,
ముక్కు దొరకని మెరుపు.

దీనికో పేరుందని నాకు ముప్పై మూడో ఏట తెలిసింది.
కీళ్పాక్‌లో ఒక కుర్ర డాక్టరమ్మ
నా వేలికొసలు వెలుతురుకి తిప్పి
చుక్క మీద నొక్కింది. తెల్లబడింది.
వదిలింది. వచ్చేసింది.
"మీ ఇంట్లో ఇంకెవరికి?" అంది.
ఎర్రనాళాలకీ నీలినాళాలకీ నడుమ ఉండాల్సిన సన్నసందులు
కొన్నిచోట్ల కట్టడం మరిచారట.
మా వంశం తాపీమేస్త్రి మధ్యాహ్నం నిద్రపోయాడు కాబోలు.
బిడ్డకి వచ్చేది సగం, రానిది సగం, అంది.
నాకున్నది ఒక్కతే కూతురు.
ఒక్కదానికి సగం ఎలా వస్తుంది?

రెండు నెలలకోసారి ఇనుము ఎక్కించుకుంటాను,
డికాషన్ రంగులో, చుక్క వెంట చుక్క.
పక్క మంచం పెద్దాయన నవ్వాడు,
ఇనుము రైలుకి గదమ్మా వేసేది అని.
నాయన ముప్పై ఏళ్ళు ఇనుముకి రంగేశాడు.
ఆయన ఒంట్లో ఎంత ఇనుముందో
ఎవరూ కొలవలేదు.

మొన్న ఆదివారం వకుళ లెక్కలు చేస్తోంది.
నోటుబుక్కు మీద ఒక ఎర్రచుక్క.
టీచరు దిద్దిన పెన్ను అనుకున్నాను.
అనుకోవాలని అనుకున్నాను.
అది ఏడవలేదు, నన్ను పిలవలేదు.
పుస్తకం పక్కకి జరిపి
ముందుకు వంగి
మెత్తటిచోట రెండు వేళ్ళతో నొక్కిపట్టి
గోడ గడియారం వైపు చూసింది.
నేను నేర్పలేదు.
తలుపేసుకుని నేను వంగిన రాత్రులన్నీ
ఏ సందులోంచి చూసిందో.

"పది నిమిషాలు కదమ్మా?"
మూసుకున్న ముక్కుతో మాట మొద్దుగా వచ్చింది.
పది, అన్నాను. గిన్నె తెచ్చి పక్కన కూర్చున్నాను.
ఆరో నిమిషంలో అడిగింది,
క్లిప్పు ముక్కుపుడక ఉంటుందట,
కుట్టించుకోనక్కర్లేదట,
పాండీ బజార్లో నలభై రూపాయలట.

ఇంకా నాలుగు నిమిషాలుంది.
"ఏ రంగు రాయి?" అన్నాను.