సున్నం బండ

చందంపేట దాటినంక దారి పక్కన ఒక బండ.
దాన్ని సున్నం బండ అనేటోళ్లం.
ఎవ్వరూ సున్నం కొట్టలే.
గద్దలే ఏండ్లకేండ్లు రెట్టలేసి
ఆ నల్లరాయిని పెండ్లింటి గోడ చేసినయి.

రాబందు అని పుస్తకంల పేరు.
మేం బోడగద్ద అనేది.
కడుపుల తల దూర్చి తినాలె గనుక
దేవుడే గొరిగి పంపిండని
పెంటయ్య తాత చెప్పేటోడు.
చచ్చిన గొడ్డుకు తోలు తీసి
ఆయన పక్కకు జరిగి బీడీ ముట్టిస్తే
అది ఆరేలోపు దిగేవి.
ఒకటి దిగుతుంటే దూరంగ ఇంకోటి చూసేదట,
దాన్ని చూసి మరొకటి,
అట్ల నల్లమల దాకా కబురు పోయేది
నోరు లేకుంట, చప్పుడు లేకుంట.
పొద్దు గూకేసరికి ఎద్దు లేదు.
ఎముకలున్నయి, పళ్లు తోమినట్టు.

నేను సూది మనిషిని.
మోపెడ్ మీద ఐసు డబ్బా, పదిహేడు తండాలు.
కుంటే ఎద్దుకు, పొదుగు వాచిన బర్రెకు,
లేవలేని ముసలి దున్నకు
ఒకటే సీసా, డైక్లోఫెనాక్.
పొద్దుగాల వేస్తే మాపటికి లేచి నిలబడేది.
సోమ్లీ ఎద్దు అట్లనే లేచింది.
ఆమె నాకు జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టి
రెండు చేతులెత్తి మొక్కింది.
రెండో నాడు ఎద్దు చచ్చింది.
ఈడ్చుకపోయి బండ కింద ఏసిన్రు.

ఎద్దు సచ్చినా
మందు సావదని నాకు ఎవ్వరూ చెప్పలే.

వారానికి చూస్తే
మద్దిచెట్టు మీద ఏడెనిమిది,
మెడలు వాల్చి, పింఛను కాడ ముసలోళ్ల లెక్క.
నేను చూస్తుండంగనే ఒకటి రాలింది.
అలవాటు చొప్పున కోసిన.
గుండె మీద, కార్జం మీద
తెల్లటి పొడి.
వేలికి అంటింది. సున్నం.

బండ మీది తెలుపు
లోపలికెట్ల పోయిందో
ఆ రాత్రి నిద్రల సుత లెక్కగట్టిన.

తర్వాత సర్కారు ఆ మందు బందు పెట్టింది.
పసుల డాక్టరు మెలాక్సికామ్ ఇచ్చి
ఇది వాడు, గద్దకేం కాదు అన్నడు.
మందుల దుకాణంల మాత్రం
మనుషుల సీసాలు పసులకు నడుస్తనే ఉండె.
అప్పటికే బండ నల్లబడ్డది.
నాలుగు వానలు చాలు, కడగనీకి.
గొడ్డు చస్తే ఇప్పుడు జేసీబీ కావాలె, గుంత కావాలె,
లేకుంటే కుక్కలు. ఎన్ని కుక్కలో!
పెంటయ్య తాత కత్తి
ఇప్పుడు కొబ్బరికాయలు కొడుతుంది.

అడవిల లెక్క రాసే చెంచు గురువయ్యను అడిగిన,
మళ్ల ఎప్పుడొస్తయి అని.
ఏడాదికి ఒక్క గుడ్డు సారూ,
కోడి కాదు గద, అన్నడు.
ఇంకేం అనలే.

మొన్న రాత్రి ఫోన్.
"పాత సూది ఉంటె తే, ఎంతైనా ఇస్త."
లేదన్న. తిట్టిండు. తిట్టనీ.

ఈసారి మందు తగలని ముసలి ఆవు చచ్చింది.
సోమ్లీని బతిమాలి
గుంత తీయకుంట బండ మీద పెట్టిచ్చిన.
పొద్దటిసంది కూసున్న, మెడ వెనక్కి వంచి.
కాకులొచ్చినయి. చీమలొచ్చినయి.

ఎండకు కండ్లు గుంజుతున్నా
మీదికే చూస్తున్న నన్ను చూసి
సోమ్లీ మనుమడు సైకిలు ఆపి మీదికి చూసిండు.
వాణ్ణి చూసి, అంతదూరంల మేకల కాడ
ఇంకొకడు.