నలభయ్యో మెట్టు

ముప్ఫై ఒక్క ఏళ్లుగా
మనుషుల్ని కొండ మీదికి లాగుతున్నాను,
కూర్చున్న చోటి నుంచే.
వాల్పరైసోలో సముద్రం వైపు ఒక కిటికీ,
కాలి కింద చెక్కపలక, చేతికి ఇనుప పిడి.
ఒక పెట్టె పైకి పోతే ఒకటి కిందికి దిగుతుంది.
నేనే ఎటూ పోను.

ఆరోగ్య కేంద్రంలో యస్నా అనే నర్సు
నా నడుం చుట్టూ టేపు తిప్పి
అంకె పైకి చదవలేదు.
చీటీ మీద రాసి నా వైపు తిప్పింది.
వెనక వరసలో చేపలమ్మే ఒడిలియా చెవులు రిక్కించుకుని ఉంది మరి.
ఆ ఒక్క మర్యాదకే రెండోసారి వెళ్లాను.

నడుం, రక్తపోటు, చక్కెర, కొవ్వు:
విడివిడిగా ఎవడూ పెద్ద నేరస్తుడు కాదట,
నలుగురూ కలిసి ఒకే ఇంట్లో అద్దెకి దిగారట.
నాకేమో ఎక్కడా నొప్పి లేదు.
పన్ను సలిపినప్పుడు నమ్మాను,
మోకాలు వాచినప్పుడు నమ్మాను.
చడీ చప్పుడూ లేనివాణ్ని దొంగని ఎలా అనుకోను?
తలుపు తట్టి వచ్చే దొంగని ఎక్కడైనా చూశావా, అంది యస్నా.

పరీక్ష కాయితం కవరులో వచ్చింది.
టీ డబ్బా వెనక పెట్టాను.
మా నాన్న ఓడరేవులో తాడు చుడుతూ చుడుతూ
యాభై ఎనిమిదికి ఒరిగిపోయాడు.
నాకిప్పుడు యాభై ఐదు.
ఈ తీసివేతకి బడి చదువు అక్కర్లేదు.
హెర్మోహెనెస్‌కి లెక్కే లేదు అంటారు మావాళ్లు.
లెక్క లేనివాడు కవరు చించి చూసేవాడు కదా.

ఏం తింటావని అందరూ అడిగారు.
ఎప్పుడు తింటావని యస్నా అడిగింది.
సాయంత్రం నాలుగూ పదికి, అన్నాను.
అప్పుడేమవుతుంది?
ఏమీ కాదు.
ఏమీ కానందుకే తింటాను.
ఆ వేళ పెట్టెలు రెండూ ఖాళీ, సముద్రం కూడా ఖాళీ.
రొట్టెల కొట్టు ఎవరిస్తో వేడి మర్రకేత ఒకటి చంకన పెట్టుకొస్తాడు,
దాన్ని నాలుగు ముక్కలుగా విరుస్తూ
విడిపోయిన పెళ్లాం గురించి చెప్తాడు.
రొట్టె వద్దంటే వాణ్ని వద్దన్నట్టుంటుంది.

పెట్టె పట్టాల పక్కనే నూట అరవై రెండు మెట్లు.
ప్రతి సోమవారం మొదలుపెడతాను.
నా సోమవారాలన్నీ పోగేస్తే ఓ ఏడాది తేలుతుంది.
పదకొండో మెట్టు దగ్గర గుండె గొంతులోకి వస్తుంది,
ఎవరో ఒకరు అప్పుడే దిగుతారు,
నేను వంగి బూటు లేసు కడతాను.
నా బూట్లకి లేసుల్లేవు.

ఆగస్టు చలిలో ఉక్కు తాడు తెగే దశకొచ్చి
పెట్టెలు ఆపేశారు.
డొమితిలా అవ్వ ఉల్లిపాయల సంచీతో వచ్చి
మూసిన గేటుని చూసింది, నన్ను చూసింది.
సంచీ నా చేతికొచ్చింది.
ఆమె ఆగిన చోటల్లా ఆగాను,
పాపం ముసలిదని.
నేను రొప్పినప్పుడల్లా ఆగుతోందని
చాలా మెట్లయ్యాక గానీ తెలియలేదు.
నలభయ్యో దాని మీద ఇద్దరం చతికిలబడ్డాం.
మనవడు దిగొచ్చి ఆమెనీ ఉల్లిపాయల్నీ తీసుకుపోయాడు.
నేను కాసేపు అక్కడే.

నలభై, అని యస్నాకి చెప్పాను,
తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.
శభాష్ అనలేదు. ఇంతేనా అనలేదు.
అక్కడేం కనిపిస్తుంది? అంది.
నీలం తలుపు. దాని ముందు మూడు కాళ్ల కుక్క.
ఎవరో ఆరేసిన ఎర్ర దుప్పటి.
నలభై ఒకటి దగ్గర?

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ మెట్ల పక్కనే కూర్చున్నాను.
తెలీదు, అన్నాను.