వయసు గడి

"పంతొమ్మిదమ్మా" అంది మద్దమ్మవ్వ,
పిల్ల బదులు తానే.
పిల్ల గోడమీది పోస్టరు చదువుకుంటోంది
బళ్లోలాగా, పెదాలు కదుపుతూ.

గడి నింపబోయాను.
అవ్వ ఊరకుండలేక హంద్రీ సంగతెత్తింది:
"వరదొచ్చిన రాత్రి మిద్దెమీద పుట్టె ఇది,
బొడ్డు కోసేకి పొడిగుడ్డ గూడా దొరకల్యా."

ఆ వరద నాకూ తెలుసు.
కర్నూలు ఎండలో
బురద రిజిస్టర్లు ఒక్కో పేజీ ఆరేసినదాన్ని.
వేళ్లమీద లెక్కేశాను.
పద్నాలుగు.

"రాయొద్దు సిస్టరమ్మా, బజార్న పడతాం."

ఇందాక తలుపేస్తూ నేనే చెప్పాను
ఈ గదిలో మాట గడప దాటదని.

ఎవరని అడగలేదు.
అది తేల్చేవాళ్లు వేరే ఉన్నారు.
పిల్ల ముందు కూర్చున్నాను, స్టూలు లాక్కుని:
"ఒక్క మాట దాటుతుంది పాపా.
దాటించేది నేనే.
నీ పేరు వీధిలోకి రాదు. తప్పు నీది కాదు."

పిల్ల అవ్వకేసి చూడలేదు.
"అయితే ఆ ఇంటికి మళ్లీ పోనక్కర్లేదా?"

లేదనడం నా చేతిలో లేదు.
నా చేతిలో ఉన్నది ఫోను.
స్టేషనులో మోగుతోంది, ఎవరూ ఎత్తరు, మోగుతూనే ఉంది.
గడిలో పద్నాలుగు
ఇంకా తడిగానే ఉంది.