రవ్వంత పక్కకి

గుల్జార్ హౌజ్ దాటి, ఘాన్సీ బజార్ సందులో
మా కుంపటి రాజుకునే వేళకు
నుజ్హత్ మేడమ్ వచ్చింది, ప్లాస్టిక్ కవర్లో ఒక ఫొటోతో.
పాత రాతప్రతులు చదివే మనిషి.
కాగితానికి వేలి చెమట తగలకూడదట.
అక్షరాల మీద నడవడానికి ఒక పుల్ల కావాలట,
దాని పిడి ఇలా ఉండాలట.

సముద్రాల అవతల ఏదో దీవి. వెయ్యేళ్ల పైమాట.
నాగలికి తగిలి మట్టిలోంచి లేచిన బంగారం,
చిటికెన వేలంత.
ఒక చివర మృగం తల, నోరు తెరిచి.
ఆ నోట్లో ఒకప్పుడు దంతపు పుల్లో, కర్ర పుల్లో ఉండేదట.
దాన్ని మట్టి తినేసింది.
నోరు మాత్రం ఇంకా మూసుకోలేదు.

నాన్న, కట్టోజు లింబాచారి,
భూతద్దం కంటికి బిగించి చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత నాతో అన్నాడో, కుంపటితో అన్నాడో:
"కమ్మచ్చుల తీగ గుంజిండు.
ఆవగింజల సగమంత తుంచిండు.
బొగ్గుపొడిల ఏసి ఊదితే
రవ్వ గదే గుండ్రమైతది, మనం జెయ్యం.
ఊదుడు ఎప్పుడు ఆపాల్నో ఎరుకుండాలె, గంతే."

అంచు చుట్టూ అక్షరాలు.
నాన్నకు చదువు రాదు, నగ మీది ముద్ర అంకెలు తప్ప.
ఏముందని అడిగితే మేడమ్ చెప్పింది:
'ఫలానా దొర నన్ను చేయించినాడు.'
"చేసినోని పేరు?"
లేదంది.

నాన్న నిప్పులు సర్దాడు.
వెలిగారం డబ్బా మూత పెట్టాడు, మళ్లీ తీశాడు.
మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల విరిచి
ఫొటో మీద ఆనించి
రవ్వల వరస వెంట మెల్లగా నడిపాడు,
ఒకటో తరగతి పిల్లాడు గుణింతం కూడబలుక్కున్నట్టు.
పదకొండో రవ్వ దగ్గర పుల్ల ఆగింది.
అది వరస తప్పి ఉంది. రవ్వంత పక్కకి.

"ఇగో, ఈడున్నడు" అన్నాడు.
"టంకం పారే యాళ్లకు
ఎవరో ఎనకనుంచి పిలిచిండ్రు ఈన్ని.
బువ్వకు పిలిచిండ్రో, బాకీకి పిలిచిండ్రో."

మేడమ్ అడ్వాన్స్ ఇచ్చింది. రసీదు రాశాను.
గురిగింజలు తూకం డబ్బాలోకి ఎత్తాను.

ఎనిమిదో రోజు సాయంత్రం
చాయ్ పట్టుకుని లోపలికి పోతే
ఊదుగొట్టం నాన్న పెదాల మధ్య ఉంది,
రవ్వల మీద మంట నీలంగా వంగి ఉంది.
నాన్నా అని నోటిదాకా వచ్చింది.

గడప దగ్గరే నిలబడ్డాను.
చాయ్ మీద మీగడ కట్టింది.